తాళు అంటే ఆగాను

ఒమాన్‌లోని అల్ హైల్‌లో మేము కారు బాగు చేయించుకునే గ్యారేజీ వెనక ఒక ఖాళీ జాగా ఉంది. అరిగిన టైర్లూ, సొట్టపడిన తలుపులూ, ఎవరివో తెలియని ఇనప డ్రమ్ములూ అక్కడ ఎండకు పడి ఉంటాయి. కిందటి నెలలో మా ఆయన కారు ఏసీ గురించి మెకానిక్‌తో హిందీలో వాదించుకుంటూ ఉంటే, వినలేక, నీడ వెతుక్కుంటూ వెనక్కి వెళ్ళాను. అక్కడ ఒక కారవాన్ ఉంది. చక్రాలు ఊడదీసి సిమెంటు దిమ్మల మీద నిలబెట్టారు. సగం వరకు ఆకుపచ్చ రంగు వేశారు. మిగతా సగం ఇంకా పాత తెలుపే. తెలుపు అనడం మర్యాదకే గాని, విరిగిన పాల రంగు. ఒక ఒమానీ యువకుడు పక్క గోడను కోసి పెద్ద కిటికీ పెడుతున్నాడు. చాయ్ దుకాణం పెడతాడట. లోపలికి వెళ్ళి చూడమన్నట్టు నవ్వుతూ చెయ్యి ఊపాడు. నేను మెట్టెక్కి తల మాత్రం లోపలికి పెట్టాను. ఎండకు కాగిన రేకు వాసన, పాత ప్లైవుడ్ వాసన, వాటి అడుగున ఎక్కడో స్పిరిట్ వాసన. ఆ మూడోది నిజంగా ఉందో, నా ముక్కు పుట్టించుకుందో చెప్పలేను. మా ఆయన వచ్చి పిలిచేదాకా ఆ మెట్టు మీదే ఉండిపోయాను.

నేను పెరిగిన ఇల్లు అలాంటిదే. ఇప్పుడు సలాలా వెళ్ళేవాళ్ళు ఏసీ వేసుకుని, పాటలు పెట్టుకుని ఒక్క పగట్లో దాటేసే నేల మీద అప్పుడు రోడ్డు లేదు, రోడ్డు వేసే మనుషులు ఉన్నారు. వాళ్ళకు దెబ్బలు తగిలితే కట్టు కట్టడానికీ, ఎండదెబ్బ తగిలితే నీళ్ళు ఎక్కించడానికీ కంపెనీ వాళ్ళు ఒక కారవాన్ ఇచ్చారు. ముందు భాగం ఆస్పత్రి, వెనక భాగం మా కాపురం, మధ్యన ఒక ప్లైవుడ్ తడిక. అందులో నర్సు మా అమ్మ. ఆ కారవాన్‌ను లారీకి తగిలించి ఈడ్చుకెళ్ళే డ్రైవరు మా నాన్న. ఇద్దరూ పాలకొల్లు వైపు వాళ్ళు, ఒకే సంఘంలో పెరిగినవాళ్ళు. కాలవలూ, వరిచేలూ చూసిన కళ్ళతో చెట్టన్నది లేని చోటికి వచ్చి పడ్డారు. రోడ్డు కొంచెం ముందుకు పాకితే మా క్యాంపూ ముందుకు జరిగేది. నాకు ఊరంటే ఏమిటో తెలియదు. మా ఇల్లు ఎక్కడ ఆగితే అదే మా ఊరు.

మకాం మార్చే రోజు నాకు పండగ. తెల్లారగానే అమ్మ మందుసీసాలకు ఒక్కొక్కదానికీ దూది చుట్టి పెట్టెలో సర్దేది. అలమారా తలుపులను బ్యాండేజీ గుడ్డతో కట్టేది. విరిగిన చేతికి ఎలా కడుతుందో అలాగే, అంతే నెమ్మదిగా, చివర అదే ముడి. కిరసనాయిలు స్టవ్వు, బియ్యం డబ్బా, ఎండు నెత్తళ్ళ మూట మంచం కిందకు పోయేవి. ఆ మూట ఎన్ని గుడ్డల్లో చుట్టినా వాసన దాగేది కాదు. "సిస్టరమ్మా, నీ ఆస్పత్రికి రోగాలు పోగొట్టే వాసన ఉందో లేదో గాని, మా రేవు వాసన మాత్రం ఉంది" అని నాన్న ఏడిపించేవాడు. క్యాంపులో అందరూ అమ్మను సిస్టర్ అంటే, ఆయన దానికి ఒక అమ్మను తగిలించి పిలిచేవాడు. తరవాత లారీని వెనక్కి తెచ్చి కారవాన్ మూతిని లారీ కొక్కెం మీదకు దించేవాడు. ఠంగుమని చప్పుడయ్యేది. ఆ కొక్కెం మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, "తండ్రీ, ఇదీ అదీ విడిపోకుండా చూడు" అనేవాడు. నాన్న ప్రార్థన ఎప్పుడూ అంతే. అమ్మలా పొడుగ్గా చేయడం ఆయనకు చేతకాదు. ఆ తరవాత నా వంతు. "దీవెనా, లోపలంతా భద్రమేనా?" అని కేకేసేవాడు. నేను లోపలికి పరుగెత్తి, ప్రతి ముడినీ లాగి చూసి, తలుపు దగ్గరకు వచ్చి, "ఆమేన్!" అని అరిచేదాన్ని. నేను ఆ మాట అనేదాకా లారీ కదిలేది కాదు. ఫోర్‌మన్ వచ్చి తొందరపెట్టినా సరే, "పాప ఇంకా ఆమేన్ చెప్పలేదు సార్" అని నాన్న స్టీరింగు మీద చేతులు కట్టుకుని కూర్చునేవాడు.

లారీలో అమ్మకూ నాన్నకూ మధ్యన కూర్చుని పక్క అద్దంలోకి చూడడం ఇప్పటికీ నాకు కలలో వస్తుంది. ముందంతా ఏమీ లేదు. నేలా ఆకాశమూ ఒకే రంగులో కరిగిపోయి, వాటి మధ్య నీళ్ళు మెరుస్తున్నట్టు కనిపించి, దగ్గరకు పోయేసరికి ఆ నీళ్ళు ఇంకొంచెం దూరం జరిగిపోయేవి. అద్దంలో మాత్రం మా ఇల్లు మా వెనకే వస్తూ ఉండేది. కిటికీ తెర, మెట్టు, అమ్మ దండెం, అన్నీ దుమ్ములో ఊగుతూ, పసిబిడ్డ తల్లి వెంట పడ్డట్టు, వదలకుండా. ఇంటిని వదిలి ప్రయాణాలకు వెళ్ళేవాళ్ళ గురించి తరవాత చాలా విన్నాను. ఇంటిని వెంటబెట్టుకుని తిరిగిన భాగ్యం నాకు దక్కింది. దేవుడికి స్తోత్రం.

నాకు బడి లేదు. అమ్మే బడి. పలక ఒకటి ఉండేదిగాని అది తొలి ఎండాకాలంలోనే పగిలింది. దాని అవసరమూ లేకపోయింది. రాత్రంతా వీచిన గాలికి తెల్లారేసరికి కారవాన్ గోడ నిండా మెత్తటి దుమ్ము పూతలా పరుచుకునేది. అమ్మ డ్యూటీ మొదలుకాకముందు నా వేలు పట్టుకుని ఆ దుమ్ములో అక్షరాలు దిద్దించేది. గోడంతా నిండితే అటువైపు గోడ. మరుసటి రోజుకు దేవుడు మళ్ళీ కొత్త పలక ఇచ్చేవాడు. చదవడానికి మాత్రం వాక్యం, అంటే బైబిలు, ఒక్కటే పుస్తకం. దాంతో నా తెలుగు ఒక వింత తెలుగైంది. "నాన్నా, భోజనము సిద్ధమాయెను, రమ్ము" అని పిలిచేదాన్నట. ఆయన లారీ కింద నుంచి, "ఆయ్, వచ్చుచున్నాను తల్లీ" అని అంతే గంభీరంగా బదులిచ్చి, బోల్టు పక్కన పెట్టి పగలబడి నవ్వేవాడట. నాతో తెలుగు మాట్లాడేవాళ్ళు లోకంలో ఆ ఇద్దరే. మిగతా క్యాంపంతా హిందీ, మలయాళం, ఉర్దూ. అరబ్బీ నాకు అప్పటికి చెవిన పడ్డది తక్కువ. ట్యాంకరు డ్రైవర్లతో నాన్న మాట్లాడుతుంటే అదేదో దగ్గులాంటి భాష అనుకునేదాన్ని.

ఆ ఇద్దరిలోనూ అమ్మ తెలుగు వేరు. నాన్న "ఆగు" అనేవాడు, "ఉండెహె" అనేవాడు. అమ్మ మాత్రం "తాళు" అనేది. వాళ్ళ నాయనమ్మ దగ్గర పట్టుబడిన మాటట. అన్నం పొంగుతుంటే తాళు, సూది పొడుస్తుంటే తాళు, కాగిన గిన్నె ముట్టుకోబోతే తాళు. ప్రార్థనలో కూడా "తాళుకునే మనసియ్యి ప్రభువా" అనేది. రోడ్డుపని మనుషులు వేలు నలిగి వచ్చి గగ్గోలు పెడుతుంటే వాళ్ళ భుజం మీద చెయ్యి వేసి, భాష రాకపోయినా సరే, "తాళు నాయనా, తాళు" అనేది. వాళ్ళూ తాళుకునేవాళ్ళు. ఆ మాటకు నా ఒళ్ళు అలవాటుపడిపోయింది. వినిపిస్తే ఎక్కడిదాన్ని అక్కడ ఆగిపోవడమే.

ఇక ఆ దుమ్ము రోజు. మధ్యాహ్నం దాటింది. లోపల అమ్మ ఎవరి బొటనవేలికో కుట్లు వేస్తోంది, నాన్న నీళ్ళకు వెళ్ళాడు. నేను గోడ మీద త గుణింతం రాసుకుంటున్నాను. దండెం మీద ఆరేసిన అమ్మ తెల్ల టోపీ గాలికి లేచింది. అది పక్షిలా కొంత దూరం ఎగిరి వాలింది. నేను పట్టుకోబోతే మళ్ళీ లేచింది. అలా ఎంత దూరం పోయానో తెలియదు. తల ఎత్తి చూసేసరికి దక్షిణం వైపు ఆకాశం లేదు. గోధుమరంగు గోడ ఒకటి నిలబడి నడిచి వస్తోంది. మరుక్షణం నేనే దాని లోపల ఉన్నాను. నా చేతులు నాకు కనపడలేదు. కారవాన్ ఇటే అనుకుని పరుగెత్తాను. అది ఇటు కాదని తరవాత తెలిసింది. ఆ వైపున రోడ్డుకు కంకర తవ్విన పెద్ద గొయ్యి ఉంది. లారీలు దిగి ఎక్కేంత గొయ్యి.

అప్పుడు వినిపించింది. ఆడగొంతు. గాలిలో ముక్కలై, కొంచెం బొంగురుగా, "తాళ్! తాళ్!" అని. అమ్మే. ఇంకెవరు? ఆగిపోయాను. ఆగడమే కాదు, కూలబడి, గౌను తల మీదకు లాక్కుని, మోకాళ్ళ మధ్య ముఖం పెట్టుకున్నాను. మళ్ళీ పిలుపు, ఈసారి కోపంగా. నేను ఇంకా గట్టిగా కూర్చున్నాను. ఆ లోపల భయం లేదు. అదే నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. దుమ్ము ఒక దుప్పటిలా ఉంది, అమ్మ తాళమంది, తాళుతున్నాను, అంతే. కాసేపటికి ఒక చెయ్యి నా రెక్క పట్టుకుంది. ముక్కు మీద కత్తిలా నిలబడే ముసుగు, దాని వెనక రెండు కళ్ళు. పొగ వాసన, మేకల వాసన, సాంబ్రాణి వాసన కలిసిన నల్లటి బట్ట నా మీదకు వచ్చింది. అమ్మ కాదు. అయినా ఏడవలేదు. గాలి తగ్గేదాకా ఆమె నన్ను తన బట్టలో, తన మేకపిల్లతో పాటు దాచుకుని కూర్చుంది.

ఆమె పేరు ఉమ్ హమద్. హమద్ వాళ్ళమ్మ అని అర్థం. మేకలు కాసుకుంటూ మా క్యాంపు దగ్గరలో గుడారం వేసుకున్న బెదూ అనే ఎడారి సంచారుల ఇంటి మనిషి. నన్ను తీసుకొచ్చి కారవాన్ మెట్టు మీద నిలబెట్టేసరికి అమ్మ ముఖంలో నెత్తురు లేదు. నాన్న అప్పటికి వచ్చి, లారీ హారను నొక్కుతూ, క్యాంపు చుట్టూ తిరుగుతున్నాడు. ఉమ్ హమద్ చేతులు తిప్పుతూ నాన్నతో ఏదో గట్టిగా చెప్పింది. నాన్న ముఖం అప్పుడు మారింది.

"ఏమందండీ?" అని అమ్మ అడిగింది.

"పిలిచిందంట. పిలిచి పిలిచి గొంతు పోయిందంట. ఇది రాలేదంట. బండరాయిలా కూర్చుందంట. మీవాడికి చెవుడా అని అడుగుతోంది."

"మీవాడికా?"

"నువ్వు చేసిన క్షవరం చూసి మగపిల్లాడనుకుంది." నీళ్ళ కరువుకూ పేలకూ భయపడి అమ్మ నా జుట్టు బాగా పొట్టిగా కత్తిరించేది. మామూలు రోజైతే నాన్న ఆ మాటకు నవ్వేవాడు. ఆ రోజు నవ్వలేదు. నా ముందు గొంతుక్కూర్చుని, "ఎందుకు రాలేదే?" అన్నాడు.

"అమ్మ తాళు అనెను" అన్నాను.

"అమ్మ ఎక్కడుందే అక్కడ? అమ్మ డ్యూటీలో ఉంది కదా."

"అనెను నాన్నా. రెండు మారులు అనెను."

నాన్న లేచాడు. అమ్మ నా ముఖంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. "నేను పిలవలేదండీ. పిల్ల పోయిన సంగతే అప్పటికి నాకు తెలియదు. కానీ అది అబద్ధమాడే పిల్ల కాదు" అంది మెల్లగా. నాన్న వినే స్థితిలో లేడు. ఆ గొయ్యి చూసి వచ్చిన కళ్ళు ఆయనవి. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని, ముద్ద కలపకుండానే చెప్పేశాడు. పాలకొల్లులో వాళ్ళక్క దగ్గరకు, అంటే మా మేనత్త పనిచేసే మిషన్ హాస్టల్‌కు నన్ను పంపేస్తాడట. వచ్చే వారం సెలవు మీద ఇంటికి వెళ్తున్న తెలుగు మేస్త్రీ వేరే క్యాంపులో ఉన్నాడు, అతనితో. "పిలిస్తే రాని పిల్లని ఈ ఎడార్లో ఎలా కాపాడుకోమంటావు? కట్టేసి పెంచమంటావా? అక్కడైతే గేటుంటుంది, గోడుంటుంది." అమ్మ వాదించలేదు. "కాస్త తాళండి" అంది. "ఇంకేం తాళేది!" అన్నాడు నాన్న. ఆయన గొంతు కోపంతో కాదు, ఏడుపుతో పగిలింది.

ఆ తరవాతి రోజులు నాకు పొగమంచులోంచి చూసినట్టు కనిపిస్తాయి. అమ్మ పాత దుప్పటిలోంచి నాకు గౌనులు కుడుతోంది. డ్యూటీ గౌను విప్పకుండానే కుట్టుకు కూర్చునేది. సూది ఆగినప్పుడల్లా పెదవులు కదిలేవి. చిన్న పెట్టె ఒకటి మంచం మీద తెరిచి ఉంది. నాకు హాస్టల్ అంటే అర్థం కాలేదు. "మన ఇల్లు కూడా మన వెనక వస్తుందా?" అని అడిగాను. అమ్మ పెట్టె మూత వేసి, దానికి బ్యాండేజీ గుడ్డ చుట్టి, ఆ ముడే వేసింది. ప్రతి మకాం రోజూ నేను లాగి చూసి ఆమేన్ అనే ముడి. ఆ ముడిని మాత్రం నేను లాగి చూడలేదు. నాన్న లారీ దగ్గరే తిరుగుతూ ఉండేవాడు. ఒకసారి ఆయన కారవాన్ కొక్కెం మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. ప్రయాణమేమీ లేదు. పెదవులు కదలలేదు. ఊరికే నిలబడ్డాడు.

మేస్త్రీ రావలసిన రోజుకు ముందు రోజు ఉమ్ హమద్ వచ్చింది. కర్రగిన్నె నిండా నురగతో ఒంటెపాలు తెచ్చింది. మేకల వెంట తిరిగే అరికాళ్ళకు పగుళ్ళు పడితే అమ్మ మందు రాసిందని కృతజ్ఞత. అమ్మ టీ ఇచ్చింది. ఉమ్ హమద్ మెట్టు మీద కూర్చుని గోడ మీది నా రాతలను చాలాసేపు చూసి, ఇవి ఏ తెగ ముద్రలు అని అడిగింది. వాళ్ళు ఒంటెలకు తెగ ముద్రలు వేసుకుంటారు. నాన్న దానికి మాత్రం చిన్నగా నవ్వాడు. "మా తెగవే. గుండ్రటి తెగ" అన్నాడు. తరవాత పెట్టె ఆమె కంటపడింది. ఎక్కడికి ప్రయాణమంది. నాన్న చెప్పాడు. ఆమె నమ్మలేనట్టు గిన్నె కింద పెట్టింది. పాపను పంపేస్తారా, ఎందుకు? "నువ్వు పిలిస్తే రాలేదు కదమ్మా" అన్నాడు నాన్న. దాంతో ఉమ్ హమద్ ఆ రోజు ఏం జరిగిందో మళ్ళీ మొదటి నుంచి చెప్పసాగింది. బెదూలు కథ కూర్చుని చెప్పరు. లేచి నిలబడింది. ఇక్కడ మేకలు, అక్కడ గొయ్యి, అదిగో పాప అని కర్రతో గీసి చూపించి, చేతులు నోటి దగ్గర పెట్టుకుని, పూర్తి గొంతుతో పిలిచింది.

"తఆల్! తఆల్!"

నేను అప్పుడు డ్రమ్ము దగ్గర నుంచి చెంబుతో నీళ్ళు తెస్తున్నాను. ఆ కేక వినగానే, ఎత్తిన కాలు ఎత్తినట్టే, ఆగిపోయాను. తరవాత చెంబు పక్కన పెట్టి కూర్చున్నాను.

నాన్న నా వైపు చూశాడు, ఉమ్ హమద్ వైపు చూశాడు. "ఇంకోసారి పిలు" అన్నాడు ఆమెతో. ఆమె పిలిచింది. నేను మోకాళ్ళలో ముఖం పెట్టుకున్నాను.

"సిస్టరమ్మా!" అని నాన్న కేక పెట్టాడు. "తఆల్ అంటే రా అని అర్థమే! రమ్మని పిలిచింది! ఇది నీ తాళు అనుకుంది! రా రా అంటుంటే ఇది..." కడుపు పట్టుకుని నవ్వుతూ అలాగే లారీ చక్రానికి ఆనుకుని జారిపోయి, చివరకు తలపాగా గుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు ఇంకా కదులుతున్నాయి. అది నవ్వో కాదో నాకు తెలియలేదు. పాపం ఉమ్ హమద్, తను ఏం తప్పు మాట అందోనని అమ్మ వైపు బెదురుగా చూసింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, తెలుగులోనే, "నువ్వు పిలవకపోతే నా బిడ్డ ఆ గోతిలో ఉండేదమ్మా" అంది. తరవాత నాన్న వైపు తిరిగింది. నెమ్మదిగా అంది గాని, అమ్మ అంత గట్టిగా మాట్లాడడం నేను మళ్ళీ వినలేదు. "మాట వినని పిల్లని పంపుతున్నారు కదండీ. అది మాట విన్నది. నా మాటే విన్నది. ఇప్పుడు ఏ నేరానికి పంపుతారు?"

నాన్న ముఖం తుడుచుకుని లోపలికి వెళ్ళాడు. పెట్టె ముడి విప్పబోయాడు, రాలేదు. అమ్మ కట్టిన ముడి ఇంకెవరికీ రాదు. "నువ్వే విప్పవే" అన్నాడు. అమ్మ విప్పింది. మరునాడు పెందలాడే నాన్నే ఆ క్యాంపుకు వెళ్ళి మేస్త్రీకి చెప్పి వచ్చాడు. తిరిగి వచ్చాక ఒక షరతు పెట్టాడు. ఇక మీదట ఇంట్లో ఎవరు ఎవరిని పిలిచినా ముందు పేరు పెట్టి పిలవాలి. దీవెనా తాళు అంటే ఆగాలి. పేరు లేకుండా తఆల్ అని వినిపిస్తే పరుగెత్తుకు రావాలి. పిల్ల అరబ్బీ నేర్చుకోవాలి. ఆ క్యాంపు అక్కడ ఉన్నన్నాళ్ళూ పొద్దున అమ్మ దగ్గర గోడ మీద తెలుగు, మధ్యాహ్నం ఉమ్ హమద్ వెంట మేకల మధ్య అరబ్బీ. ఆమె నన్ను చాలా కాలం వలద్, అంటే పిల్లాడా, అనే పిలిచింది, గౌను చూస్తూ కూడా. మేము ముందుకు జరిగిపోయిన రోజు ఆమె లారీ వెంట కొంత దూరం నడిచింది. అద్దంలో మా ఇల్లు, ఇంటి పక్కన ఒక నల్లటి బట్ట. తరవాత ఇల్లే మిగిలింది.

మా అమ్మాయిలిద్దరూ అల్ ఖువైర్‌లోని ఫ్లాటులో పెరిగారు. ఏసీ బస్సు గుమ్మం ముందుకు వచ్చి బడికి తీసుకెళ్ళేది. వాళ్ళు ఎప్పుడూ తప్పిపోలేదు, దేవుడికి స్తోత్రం. ఫోనులో చుక్క చూస్తే ఎక్కడున్నారో తెలిసేది. అయినా ఒక్కోసారి ఆ చుక్కను చూస్తూ, నా గొంతు వాళ్ళ ఒంట్లో ఎక్కడైనా ఉందా, నేను లేని చోట ఏదో గొంతు విని అది అమ్మదనుకుని ఆగుతారా అని అనుకునేదాన్ని. అప్పటి కాలమే మంచిదని అనను. ఆ గొయ్యిని నేను మరిచిపోలేదు. నాన్న భయం ఎంత న్యాయమైనదో తల్లినయ్యాకే తెలిసింది. నేను రూవిలో మా సంఘం పిల్లలకు సండే స్కూలు చెబుతాను. ఇక్కడ సెలవు శుక్రవారం గనుక మా సండే స్కూలు శుక్రవారం. ఆ పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పడానికి ఒక పళ్ళెంలో సన్నటి ఇసుక పోసి తీసుకెళ్తాను. "ఆంటీ, ఐప్యాడ్‌లో యాప్ ఉంది కదా" అంటారు. ఉంది నాయనా, అంటాను. కానీ వేలు ఇసుకలో పెట్టాక ఒక్కరూ తీయరు.

నాన్న పోయి చాలా కాలమైంది. అమ్మ నా దగ్గరే ఉంది. గ్యారేజీ వెనక చూసింది ఆమెకు చెప్పాను. మరుసటి శుక్రవారం ఆరాధన అయ్యాక చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ, "ఆ కారవాన్ ఏదో చూపిస్తానన్నావు" అంది, నేను చూపిస్తాననకపోయినా. అల్ హైల్ వెళ్ళేసరికి పచ్చరంగు పూర్తయింది, కిటికీకి అరుగు వచ్చింది, లోపల నుంచి యాలకుల చాయ్ వాసన. అమ్మ చేతికర్ర మీద ఆనుకుని దాని చుట్టూ ఒకసారి తిరిగింది.

"మనది కాదే" అంది.

"ఎలా చెప్పగలవమ్మా?"

"మన తలుపు అటువైపుకు తెరుచుకునేది. మీ నాన్న రోజూ తల కొట్టుకునేవాడు." అలా అంటూనే మెట్టు మీద కాలు పెట్టింది. నేను గాభరాగా ఆమె రెక్క పట్టుకుని పైకి ఎత్తబోయాను. "తాళు!" అని కసిరింది అమ్మ. ఆ వయసులో అంత గొంతు ఎక్కడిదో. "తాళు, తాళు! నన్నెక్కనీ."

లోపల చాయ్ కాస్తున్న ఆ యువకుడు తల తిప్పాడు. గరిటె అక్కడే వదిలేసి, చేతులు తుడుచుకుంటూ, "వచ్చాను, వచ్చానమ్మా" అని అరబ్బీలో అంటూ గబగబా వచ్చి, వంగి, రెండు చేతులూ చాచాడు. అమ్మ నా వైపు చూసింది. ఆమె ముఖంలో నాన్న నవ్వు ఉంది. ఆ రెండు చేతులూ పట్టుకుని ఎక్కింది.

లోపల కస్టమర్ల కోసం వేసిన సన్నటి బల్ల మీద కూర్చుంది. అతను కాగితపు కప్పుల్లో మాకు చాయ్ పోస్తున్నాడు. అమ్మ చేత్తో గోడ తడిమింది, అలమారా ఉండవలసిన చోట చూసింది, మంచం ఉండవలసిన చోట చూసింది. చక్రాలు లేని ఆ బండి ఎక్కడికీ పోదని ఆమెకూ తెలుసు. "దీవెనా" అని ముందు పేరు పెట్టి పిలిచింది, నాన్న షరతు ప్రకారమే. "లోపలంతా భద్రమేనా?"

నేను లేచి, లేని ముడులన్నీ ఒకసారి చూశాను.

"ఆమేన్" అన్నాను.

చాయ్ పోస్తున్న అతను, మేము దేని గురించి మాట్లాడుకుంటున్నామో తెలియకపోయినా, కప్పు నిండుతుంటే దాని మీంచి కళ్ళు తిప్పకుండానే, "ఆమీన్" అన్నాడు.